ఫోనుతో గణిత నమూనాలు – 3వ పాఠం: బంతి చప్పుడు

పోయిన పాఠంలో వేడినీళ్లు చల్లారే తీరుకు గ్రాఫు గీశాం. ఈసారి కావలసినవి ఒక గట్టి రబ్బరు బంతి, గచ్చు నేల, మైక్ పనిచేసే పాత ఫోను. తెర పగిలినదైనా పరవాలేదు.

ముందు ఫోను జేబులోనే ఉంచి పిల్లల్ని ఒకటి అడగండి: గెంతు గెంతుకీ బంతి ఎంత ఎత్తు తగ్గుతుంది? "ప్రతిసారీ ఇరవై సెంటీమీటర్లు" అని కొందరంటారు, "ప్రతిసారీ పావు వంతు" అని కొందరంటారు. మొదటిది అంకశ్రేఢి, రెండోది గుణశ్రేఢి. పేర్లు అప్పుడే చెప్పకండి, రెండు మాటలూ బోర్డు మీద రాసి ఉంచండి. నేను ఒకసారి ఫోను ముందే బయటికి తీశాను. క్లాసంతా దాని చుట్టూ మూగింది, ప్రశ్న గాలికి పోయింది.

గెంతే బంతి ఎత్తును స్కేలుతో పట్టుకోలేం. చప్పుడును మాత్రం ఫోను పట్టేస్తుంది. జర్మనీలోని ఆకెన్ విశ్వవిద్యాలయంలో తయారైన ఫైఫాక్స్ అనే ఉచిత యాప్, రెండు చప్పుళ్ల మధ్య కాలాన్ని సెకన్లలో చూపిస్తుంది. ఎత్తులు కూడా తనే లెక్కకట్టి ఇస్తుంది కానీ ఆ భాగం పిల్లలకు చూపించకండి. ఆ లెక్క వాళ్లదే.

కాలాలు 0.80, 0.70, 0.61, 0.54 వచ్చాయనుకుందాం. రెండు చప్పుళ్ల మధ్య కాలం t అయితే, అందులో సగం పైకి, సగం కిందికి. కాబట్టి ఎత్తు h = ½ × g × (t/2)², అంటే gt²/8. g అంటే గురుత్వ త్వరణం. దాని విలువ 9.8 వేస్తే ఎత్తులు 0.784, 0.600, 0.456, 0.357 మీటర్లు. వీటిని స్ప్రెడ్‌షీట్‌లో ఒక నిలువు వరుసలో పెట్టి, పక్కన తేడాలు, ఆ పక్కన నిష్పత్తులు (ప్రతి ఎత్తునూ దాని ముందున్న ఎత్తుతో భాగించి) వేయించండి. తేడాలు 0.184, 0.144, 0.099 అని జారిపోతాయి. నిష్పత్తులు 0.77, 0.76, 0.78 దగ్గరే తచ్చాడతాయి. బోర్డు మీది రెండు మాటల్లో ఏది నిలిచిందో ఇక మీరు చెప్పక్కర్లేదు.

అసలు మజా ఇక్కడి నుంచే. కాలాలు కూడా గుణశ్రేఢిలోనే ఉన్నాయి, సామాన్య నిష్పత్తి దాదాపు 7/8. (దాన్ని వర్గం చేయించండి, 0.766 వస్తుంది. ఎత్తుల నిష్పత్తి అదే!) ఈ నమూనా ప్రకారం బంతి ఎప్పటికీ గెంతుతూనే ఉండాలి, ఎందుకంటే ఏ పదమూ సున్నా కాదు. "మరి ఆగిపోతుంది కదా సార్?" అని ఎవరో ఒకరు అంటారు. అనకపోతే మీరే అనండి. అనంత పదాల మొత్తం అంటే మొదటి పదం ÷ (1 – నిష్పత్తి), ఇక్కడ 0.80 ÷ (1 – 7/8) = 6.4 సెకన్లు. లెక్కలేనన్ని గెంతులు ఆరున్నర సెకన్లలోపే అయిపోతాయన్నమాట! ఇక్కడ తొందరపడకండి, కాసేపు వాదించుకోనివ్వండి.

తర్వాత స్టాప్‌వాచ్‌తో సరిచూడండి. మొదటి చప్పుడు నుంచి బంతి నిలిచేదాకా ఎంత పట్టింది? 6.4 కచ్చితంగా రాదు. చివరి చిన్న గెంతులు మైకుకు అందవు, కంటికీ ఆనవు. నిష్పత్తి మొదటి నుంచి చివరిదాకా ఒకటేనన్నది కూడా మనం అనుకున్నదే. తేడా ఎంతో, కారణం ఏమనుకుంటున్నారో నోటుబుక్కులో ఒక వాక్యం రాయించండి. మార్కులు దానికే వేయండి, 6.4కి కాదు.

ఇంటిపని: అదే బంతి, ఈసారి చెక్కబల్ల మీద. నిష్పత్తి ఎంత వస్తుందో ముందే ఊహించి రాసుకుని, ఆ తర్వాతే వదలాలి. వచ్చే పాఠంలో ఆ పట్టికలనే జియోజీబ్రా అనే గణిత యాప్‌లోకి ఎక్కిస్తాం.