పండక్కి ఊరెళ్లే ముందు: బండి పక్కకి లాగుతోందా?

మొన్న సూర్యాపేట దాటాక మా బావమరిది గట్టిగా బ్రేకు కొడితే కారు కుడికి కొట్టుకుపోయి డివైడర్‌ని గీరుకుంది. మనుషులకేం కాలేదు. ‘నెల నుంచీ ఎడమకి లాగుతోంది బావా, రెండుసార్లు చక్రాల అలైన్‌మెంట్ చేయించా’ అన్నాడు. ఎడమ చక్రం విప్పితే కాలిపర్ (బ్రేకు డిస్క్‌ని ప్యాడ్లతో నొక్కి పట్టే భాగం) జామ్. డిస్క్ నీలంగా కమిలిపోయింది, ప్యాడ్ పింగాణీలా నున్నబడింది. ఊరికే నడుస్తుంటే అది పట్టి ఎడమకి లాగేది. అవసరానికి పట్టు లేక, కుడిది ఒక్కటే పట్టింది.

లాగగానే అలైన్‌మెంట్‌కి పరిగెత్తడం. కొంపలు ముంచేది ఇదే. అలైన్‌మెంట్ మెషీన్ చక్రాల కోణాలు చూస్తుంది. టైరు లోపలి తీగలు, కాలిపర్ దానికి కనపడవు. కొందరైతే లాగుడు తెలియకుండా కోణాలే మార్చి పంపిస్తారు. అప్పుడు రోగం ఒకటి కాదు, రెండు.

ముందు రోడ్డు సంగతి. వాన నీరు జారడానికి మన రోడ్లు ఎడమ అంచుకి వాలుగా ఉంటాయి, కాబట్టి కొంచెం ఎడమకి జరగడం మామూలే. కుడికి లాగితే మాత్రం తప్పు రోడ్డు మీదకి నెట్టొద్దు.

గాలి పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడండి. ఎంత ఉండాలో డ్రైవర్ డోరు దగ్గర స్టిక్కర్ మీద ఉంటుంది. ముందు రెండూ సమానంగా ఉండాలి. అయినా లాగుతుంటే ముందు టైర్లు అటూ ఇటూ మార్పించండి. లాగే వైపు మారిందంటే దోషం టైరుదే. పక్కన తిరిగే దిశ బాణం గుర్తున్న టైర్లకి ఈ పని కుదరదు.

తర్వాత బ్రేకు పెద్దగా వాడకుండా పది కిలోమీటర్లు నడిపి ఆపండి. రిమ్ముల దగ్గరకి అరచెయ్యి తీసుకెళ్లండి, ముట్టుకోవద్దు, కాలుతుంది. ఒకవైపే సెగ కొట్టినా, మాడు వాసన వచ్చినా అది బ్రేకే. అలైన్‌మెంట్‌కి వెళ్లొద్దు.

బ్రేకు వేసినప్పుడే లాగితే కాలిపరో, లోయర్ ఆర్మ్ బుష్షో (చక్రాన్ని బండికి కలిపే ఆర్మ్‌లో ఉండే రబ్బరు). బాగయ్యేదాకా ప్రయాణం మానుకోండి.
టైరు పక్కన బుడగ కనిపిస్తే ఆరోజే మార్చండి.
హైవే మీద స్టీరింగ్ వదిలేసి పరీక్షలు పెట్టొద్దు.
దారిలో ఉన్నట్టుండి లాగితే పంక్చర్ అనుకోండి. బ్రేకు తొక్కేయొద్దు, యాక్సిలరేటర్ వదిలి స్టీరింగ్ గట్టిగా పట్టుకోండి.
ఒట్టి జాకీ మీద నిలబెట్టిన బండి కిందకి దూరొద్దు.
అలైన్‌మెంట్ అన్నిటికంటే ఆఖర్న. చేయిస్తే ముందూ తర్వాతా కొలతల ప్రింటు అడిగి తీసుకోండి.
స్టెప్నీలో గాలి కూడా చూసుకోండి.