ఉగ్రవాదంపై పోరుకు మరో దేశ బలగాలకు శిక్షణ ఇస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

ఒక దేశం తన గడ్డ మీది ఉగ్రవాదాన్ని తానే ఎదుర్కోవాలంటే ఏం కావాలని అడిగితే అందరూ ముందు తుపాకులు, కమాండో కోర్సులు అంటారు. శిక్షణకు వెళ్లే బృందం మాత్రం మొదట అడిగి చూడాల్సింది అక్కడి జీతాల రిజిస్టర్. మనవాళ్లు తిరిగొచ్చాక ఆ జవానుకు ఒకటో తారీఖున జీతం ఎవరిస్తారు? బండిలో డీజిల్ ఎవరు కొట్టిస్తారు? ఈ రెండింటికీ రాతపూర్వకంగా జవాబు లేకపోతే, ఎంత ఒత్తిడి వచ్చినా శిక్షణ తేదీ వాయిదా వేయండి.

సోమాలియాలో ఏం జరిగిందో చూడండి. మొగదిషులో యూఏఈ కొన్నేళ్లపాటు సైనికులకు శిక్షణ ఇచ్చింది, జీతాలూ తానే ఇచ్చింది. 2018 ఏప్రిల్‌లో యూఏఈ విమానంలో వచ్చిన నగదును సోమాలియా అధికారులు పట్టుకోవడంతో రెండు ప్రభుత్వాలకూ చెడింది. యూఏఈ కార్యక్రమాన్ని ఆపేసింది. ఆ శిక్షణ కేంద్రంలోనే కాల్పులు జరిగాయి. అక్కడి తుపాకులు దోపిడీకి గురై నగరంలో బహిరంగంగా అమ్మకానికి వచ్చాయి. సోమాలియాలోని ఉగ్రవాద ముఠా అల్ షబాబ్‌ను అడ్డుకోవడానికి తెచ్చిన తుపాకులవి.

జీతం ఇస్తామన్న జవాబు దొరికినా తలలు లెక్కపెట్టడం మానొద్దు. ఇరాక్‌లో 2014 జూన్‌లో మోసుల్ నగరం ఐసిస్ చేతికి చిక్కింది. ఆ ఏడాది చివర్లో ప్రధాని హైదర్ అల్ అబాది స్వయంగా ప్రకటించిన లెక్క ప్రకారం సైన్యంలో 50,000 మంది కాగితాల మీద మాత్రమే ఉన్నారు. పేరుంటుంది, మనిషి ఉండడు, జీతం పైవాళ్ల జేబులోకి పోతుంది. అందుకే ఫొటో, వేలిముద్ర సరిపోల్చాకే పేరు ఎక్కించండి. జీతం అధికారి చేతికి కాకుండా నేరుగా జవాను ఖాతాకో, ఫోన్‌కో వెళ్లేలా అడగండి. చెప్పకుండా వెళ్లి హాజరు తీసుకోండి. ఈ మాట ఎత్తితే అవతలివాళ్లు నొచ్చుకోవచ్చు, అయినా ఎత్తండి.

సామగ్రి విషయానికొస్తే, వాళ్లు సొంతంగా బాగుచేసుకోలేని వస్తువు ఇవ్వకండి. అఫ్గాన్ మెకానిక్‌లకు రష్యన్ ఎంఐ-17 హెలికాప్టర్ల మీద చేయి తిరిగింది. అమెరికా వాటి స్థానంలో తమ బ్లాక్ హాక్ హెలికాప్టర్లు తెచ్చింది. వాటి మరమ్మతుకు విదేశీ కాంట్రాక్టర్లు కావాలి, 2021లో ఆ కాంట్రాక్టర్లు వెళ్లిపోయారు. మన అనుభవమూ ఒకటుంది. మాల్దీవులకు మనం రెండు హెలికాప్టర్లు, ఒక డోర్నియర్ విమానం ఇచ్చాం. 2024 మేలో మన సైనిక సిబ్బంది వెనక్కి వచ్చేసరికి, వాటిని నడపగల పైలట్లు తమ దగ్గర లేరని అక్కడి రక్షణ మంత్రే చెప్పారు. చివరికి మన సివిలియన్ సిబ్బందిని పంపాల్సి వచ్చింది. యంత్రం వెళ్లే రోజుకే దాన్ని నడిపేవాడు, విప్పి బిగించేవాడు అక్కడివాళ్లలో తయారై ఉండాలి.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది శ్రీలంక సంగతి. ఈస్టర్ పేలుళ్లు జరిగింది 2019 ఏప్రిల్ 21న. భారత్ నుంచి హెచ్చరిక వెళ్లింది ఏప్రిల్ 4న. పదిహేను రోజులకు పైగా టైమ్ ఉంది. అయినా ఆ సమాచారం, దాడిని ఆపాల్సినవాళ్ల దగ్గరికి చేరలేదు, 250 మందికి పైగా చనిపోయారు. ముందస్తు సమాచారం ఉన్నా దాడిని ఆపలేకపోయారంటూ 2023 జనవరిలో శ్రీలంక సుప్రీంకోర్టు మాజీ అధ్యక్షుడు సిరిసేనతో పాటు పోలీసు, ఇంటెలిజెన్స్ మాజీ అధికారులనూ నష్టపరిహారం కట్టమంది. సమాచారం ఇచ్చేశాం, మన పని అయిపోయింది అనుకోవడం చాలా ప్రమాదం. శిక్షణ మొదటి వారంలోనే ఒక ఉత్తుత్తి హెచ్చరిక పంపి చూడండి. రాత్రి రెండింటికి ఎవరు తెరిచారు, ఎవరికి ఫోన్ చేశారు, చర్చి దగ్గర నిలబడే కానిస్టేబుల్ వరకు ఎన్ని గంటల్లో చేరింది? ఎక్కడ ఆగిపోయిందో అక్కడి నుంచి పాఠం మొదలుపెట్టండి.

హైదరాబాద్‌లోని జాతీయ పోలీస్ అకాడమీలో మన ఐపీఎస్‌లతో పాటు నేపాల్, భూటాన్, మాల్దీవుల అధికారులూ శిక్షణ పొందుతుంటారు. వాళ్లకు మావోయిస్టులతో పోరాడే మన ప్రత్యేక పోలీసు బలగం గ్రేహౌండ్స్ గురించి చెప్పేటప్పుడు అడవిలో నడక, ఆయుధాల దగ్గరే ఆగిపోవద్దు. 1989లో మొదలైన ఆ బలగం వెనక సమాచారం తెచ్చిపెట్టే పోలీసు నిఘా విభాగం ఎస్ఐబీ లేకపోతే ఆ నడకకు దారే దొరికేది కాదు. ఎన్‌కౌంటర్ల మీద వచ్చిన ఫిర్యాదులు, కేసుల సంగతి కూడా దాచకుండా చెప్పాలి. దిల్‌సుఖ్‌నగర్‌లో 2013 ఫిబ్రవరి 21న జరిగిన జంట పేలుళ్ల కేసులో 2016 డిసెంబరులో ఎన్ఐఏ కోర్టు ఐదుగురిని దోషులుగా తేల్చి శిక్ష వేసింది. ఘటనా స్థలాన్ని కాపాడటం, కోర్టులో నిలిచే సాక్ష్యం సేకరించడం కూడా షూటింగ్ అంత ముఖ్యంగా నేర్పాల్సినవే.

ఎవరికి నేర్పుతున్నామన్నది ఇంకో పెద్ద టెన్షన్. పశ్చిమాఫ్రికా దేశం మాలిలో 2020 ఆగస్టులో ప్రభుత్వాన్ని కూలదోసిన కల్నల్ అసిమి గోయితా అమెరికా శిక్షణ పొందినవాడే. ప్రతి పేరూ విడిగా పరిశీలించండి: పాత కేసులు, చిత్రహింసల ఆరోపణలు, ఏ నాయకుడి మనిషి అన్నది. ఆఫ్రికాలో ఉగ్రవాద ముఠాల్లో చేరినవాళ్లతో మాట్లాడి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ యూఎన్‌డీపీ 2017లో ఒక నివేదిక ఇచ్చింది. అందులో 71 శాతం మంది, తమవాళ్లను ప్రభుత్వ బలగాలు చంపడమో అరెస్టు చేయడమో లాంటి ప్రభుత్వ చర్యే తమను చివరికి అటు నెట్టిందన్నారు. హింసించే చేతికి శిక్షణ ఇస్తే అవతలి ముఠాకు మనుషుల్ని పోగేసి ఇచ్చినట్టే.

చివరిగా, దుబాసీలు. కాబూల్ పడిపోయినప్పుడు విదేశీ సేనలకు పనిచేసిన ఎంతోమంది వెనకే చిక్కుకుపోయారు. మనతో పనిచేసే స్థానికుల పేర్ల జాబితా బయటికి పొక్కకుండా ఎవరి దగ్గర ఉంటుందో ముందే తేల్చండి. పరిస్థితి చెడితే వాళ్లనూ, వాళ్ల కుటుంబాలనూ తీసుకురావడానికి కావాల్సిన పాస్‌పోర్టులు, వీసా కాగితాలు ఉద్యోగంలో చేర్చుకున్న నెలలోనే పూర్తి చేయించండి.