రాబందు దిగాలంటే ముందు మందుల సంచి చూడాలి

మహారాష్ట్రలోని మా సిరొంచ తాలూకాలో ఆఫీసు కాగితాలు మరాఠీలో ఉంటాయి, పశువుల కొట్టంలో మాట తెలుగులో ఉంటుంది. ఆ కొట్టాల్లో ముప్పై ఏళ్లు తిరిగి పశువులకు సూదులు వేశాను. ఇప్పుడు ఊరి పిల్లలు వచ్చి, "తాతా, రాబందులకు మన దగ్గర చోటు చేయాలంటే ఎట్లా?" అని అడుగుతున్నారు. వాళ్లకు చెప్పినదే ఇక్కడ రాస్తున్నాను.

2024 జనవరిలో హర్యానాలోని పింజోర్ కేంద్రం నుంచి పది తెల్లవీపు రాబందులను మా పక్క జిల్లా చంద్రపూర్‌లోని తాడోబా అడవికి తెచ్చారు. మనుషుల చేతిలో పెరిగిన పక్షులను తెచ్చిన రోజే వదలరు. పెద్ద జాలీ గదిలో కొన్ని నెలలు ఉంచి, అక్కడి ఎండా గాలీ అలవాటయ్యాక, జాడ తెలిపే ట్యాగులు కట్టి వదిలారు. రెక్క విప్పిన రాబందుకు తాలూకా, జిల్లా లెక్కలేదు. వందల కిలోమీటర్లు పోతుంది. కాబట్టి మన ఊరి మీదికీ రావచ్చు. వస్తే ఏం తింటుందన్నదే అసలు విషయం.

పని మొదలుపెట్టాల్సింది అడవిలో కాదు, మందుల సంచిలో. డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు వేసిన పశువు ఒకటి రెండు రోజుల్లో చనిపోతే, దాని మాంసం తిన్న రాబందుకు మూత్రపిండాలు పనిచేయవు. లోపల గుండె మీద, కాలేయం మీద సున్నం పూసినట్టు తెల్లగా పేరుకుంటుంది. నూరు గొడ్లలో ఒక్కదాంట్లో మందున్నా చాలు, జాతి మొత్తం కూలిపోతుంది, ఎందుకంటే ఒక్క గొడ్డు మీద పదుల కొద్దీ పక్షులు వాలతాయి. రాబందులు చచ్చిపోవడానికి ఇదే కారణమని 2004లో బయటపడింది. 2006లో మన దేశంలో పశువులకు ఆ మందు నిషేధించారు.

నిషేధానికి ముందు నేనూ వేశాను. ఒక బర్రెకు జ్వరం, కాళ్ల నొప్పి. రెండు రోజులు సూది ఇచ్చాను, మూడో రోజు పొద్దున పోయింది. ఊరి బయట పడేశారు. ఆ వారంలోనే వాగు ఒడ్డు ఏరుమద్ది చెట్టు కింద మూడు రాబందులు చచ్చి పడి ఉన్నాయి. ఎవరో విషం పెట్టారనుకున్నాను. ఆ విషం నా సూదిలోనే ఉందని కొన్నేళ్ల తర్వాత తెలిసింది. ఆ చెట్టు దగ్గరికి పోయినప్పుడల్లా నాకు ఇప్పటికీ మనసు బాగుండదు.

నిషేధం వచ్చాక కూడా మనుషుల కోసం అమ్మే పెద్ద సీసాలు తెచ్చి పశువులకు వాడేవాళ్లు. అందుకే 2015లో మనుషుల ఇంజెక్షన్‌ను కూడా 3 మిల్లీలీటర్ల సీసాకే పరిమితం చేశారు. కీటోప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ అనే నొప్పి మందులను కూడా 2023లో పశువులకు నిషేధించారు. నిమెసులైడ్ కూడా రాబందుకు ప్రాణాంతకమే. మెలాక్సికామ్, టోల్ఫెనమిక్ యాసిడ్ మాత్రం వాటికి హాని చేయవు. డాక్టర్ దగ్గర, దుకాణంలో ఈ రెంటినే పేరు పెట్టి అడగండి.

రైతును మందు పేరు అడిగితే "నొప్పి సూది బాపూ" అంటాడు, అంతే. పేరు అడగకండి, సీసా చూపించమనండి. కొట్టం చూరులో, గూట్లో పాత సీసాలు దొరుకుతాయి. పొలాల అమావాస్యకు ఎడ్లన్నీ ఒక్కచోట చేరుతాయి కదా, నేను ఆ రోజే అందరికీ చెబుతాను. ఇంకోరోజు పిలిస్తే సగం మంది కూడా రారు.

తర్వాత చోటు. మా గడ్చిరోలి జిల్లాలోనే అటవీశాఖ 'గిధాడ్ ఉపాహారగృహ' పేరుతో రాబందులకు మేత చోట్లు నడిపింది. సొంతంగా మొదలుపెట్టకుండా ముందు వాళ్లతో, గ్రామపంచాయతీతో మాట్లాడండి. బోడి మైదానం కావాలి. కడుపు నిండిన రాబందు బరువుగా ఉంటుంది, పరుగెత్తి లేవాలి. కరెంటు తీగలు, రోడ్డు దూరంగా ఉండాలి. వాలి చూసుకోవడానికి కొంచెం అవతల ఎత్తైన చెట్లుంటే మంచిది. స్నానానికి లోతు లేని నీటి గుంట ఉండాలి, అవి స్నానమంటే ఇష్టపడతాయి. చుట్టూ ఎత్తైన జాలీ కట్టించండి, లేకపోతే మేతంతా కుక్కలదే. జాలీ లోపల చోటు ఇరుకైతే మాత్రం రాబందు దిగదు.

మేత చోటుకు చచ్చిన గొడ్డు వచ్చినప్పుడు నోట్‌బుక్ తీయండి. ఎవరిది, ఎప్పుడు చనిపోయింది, నెల రోజుల్లో ఏ సూది వేశారు, ఎవరు వేశారు. నెల అన్నది నేను పెట్టుకున్న గడువు, జాగ్రత్త కోసం. జవాబు తెలియకపోతే ఆ గొడ్డును పాతిపెట్టండి. రైతుకు కోపం వచ్చినా సరే. పురుగుల మందు తిన్నదనే అనుమానం ఉన్నా అంతే. ఉన్నట్టుండి చనిపోయి, ముక్కు నుంచి, నోటి నుంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారితే అది దొమ్మ రోగం (ఆంత్రాక్స్) కావచ్చు. దాన్ని కోయకండి, తోలు తీయకండి, వెంటనే పశువుల డాక్టర్‌ను పిలవండి.

మంచి గొడ్డని తేలితే తోలు తీయించి, తెల్లవారేసరికి వేయండి. ఎండెక్కి గాలి లేచాకే రాబందులు పైకి తేలి చూస్తాయి. తర్వాత అక్కడ నిలబడకండి. ఎముకలు మిగిలితే వారం వారం తీయించండి.

ఎత్తైన ఏరుమద్ది చెట్లను ఎవరినీ కొట్టనివ్వకండి. తెల్లవీపు రాబందు అలాంటి చెట్ల మీదే గూడు కట్టి, ఏడాదికి ఒక్క గుడ్డు పెడుతుంది. ఆ పిల్ల పెద్దదై తాను గుడ్డు పెట్టడానికి ఐదేళ్లు పడుతుంది. నెల రోజులు ఏమీ దిగలేదని పని ఆపేయకండి. కాకులు, గద్దలు ముందు వస్తాయి. వాటినీ రాసుకోండి.

రాబందు దిగితే కాలికో రెక్కకో ట్యాగు ఉందేమో దూరం నుంచి చూసి, నంబరు, తేదీ, చోటు రాసి అటవీశాఖకు చెప్పండి. మెడ వాల్చి గంటల తరబడి కదలకుండా కూర్చున్న పక్షి కనిపిస్తే పట్టుకోవద్దు, నీళ్లు పోయొద్దు. కుక్కలు రాకుండా దూరంగా కాపలా ఉండి, మహారాష్ట్ర అటవీశాఖ నంబరు 1926కు ఫోన్ చేయండి. ఆ వారం వేసిన గొడ్లు ఎవరివో చూసి, ఆ కొట్టాలకు మళ్లీ వెళ్లి సీసాలు చూపించమనండి.