శ్రీశైలానికి ఒంటరిగా, మొదటిసారి, కాలినడకన

పాలమూరు, నాగర్‌కర్నూల్ ప్రాంతాల్లో శివరాత్రికి శ్రీశైలం నడిచి వెళ్లడం కొత్త సంగతేమీ కాదు. అయితే అట్లా వెళ్లివచ్చినవారిలో ఎక్కువమంది శివదీక్ష తీసుకుని, గురుస్వామి వెంట, ఒక జట్టుగా నడిచినవారే. జట్టు కుదరకనో, తన మొక్కు తానొక్కరే తీర్చుకోవాలన్న పట్టుదలతోనో ఒంటరిగా బయలుదేరాలనుకునేవారికి నెల ముందునుంచే నిద్ర పట్టదు. నాకూ పట్టలేదు. నడుమ కాళ్లు మొరాయిస్తే ఏం చేయాలి, అడవిలో ఏదైనా ఎదురైతే ఎట్లా, రాత్రి ఎక్కడ తలదాచుకోవాలి, ఇంట్లో ఏమని చెప్పాలి అన్నవన్నీ కలిసి ఒకే భయంగా మీద పడతాయి. వాటిని విడదీసి చూసుకోవడమే మొదటి పని. ఎందుకంటే వాటిలో కొన్ని సాధన చేస్తే పోయేవి, ఒకటి మాత్రం పోగొట్టుకోకూడనిది.

ఆ ఒకటి అడవి భయం. హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయే రోడ్డుమీద మన్ననూరు అటవీ చెక్‌పోస్టు దాటిన తర్వాత దారి అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా సాగుతుంది. మామూలు రోజుల్లో ఆ రోడ్డుమీద రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు వాహనాలనే పోనివ్వరు. అటువంటిచోట ఒక్క మనిషి చీకట్లో నడవడాన్ని ధైర్యం అనలేము. చిరుతకూ గుడ్డెలుగుకూ అది ఇల్లు. అందుచేత మొదటిసారి వెళ్లేవారు శివరాత్రికి ముందు వారం రోజుల్లోనే వెళ్లాలి, ఎందుకంటే అప్పుడు స్వాముల జట్లు దారి పొడవునా నడుస్తుంటాయి. మన్ననూరులో ఒక రాత్రి ఆగి, తెల్లవారి బయలుదేరే ఏదో ఒక జట్టు దగ్గరికి వెళ్లి, “స్వామీ, నేనొక్కణ్ణే వచ్చిన, మీ వెంట నడవొచ్చునా?” అని అడిగితే చాలు. నన్ను ఎవరూ కాదనలేదు. వారితో మాట్లాడుతూ నడవాల్సిన పని కూడా లేదు. ఇరవై అడుగుల వెనుక మౌనంగా నడిస్తే మీ ఏకాంతం మీకు దక్కుతుంది, వారి కనుచూపులోనూ ఉంటారు. ఒంటరిగా వెళ్లే స్త్రీలు మన్ననూరు దాకా ఆగకుండా అచ్చంపేటలోనే కుటుంబాలతో నడిచే జట్టును చూసుకోవడం మేలు.

గద్వాల, అలంపూర్ వైపు వారిలో కొందరు నంద్యాల జిల్లా ఆత్మకూరు మీదుగా వెళ్లి, వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలను, కైలాసద్వారం గుండా సాగే పాత కాలిబాట పడతారు. అది అసలైన అడవి దారి, మెట్లూ రాళ్లూ లోయలూ ఉన్న దారి. దాన్ని రెండో ఏడాదికి ఉంచుకోండి.

మొదటిసారికి అచ్చంపేట నుంచి మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం. మహబూబ్‌నగర్ నుంచే నడవాలన్న పంతం ఉంటే ఉండవచ్చు గాని, అచ్చంపేట నుంచి దూరం వంద కిలోమీటర్ల లోపే ఉంటుంది, పైగా శ్రీశైలానికి ఉత్తర ద్వారమని చెప్పే ఉమామహేశ్వరం దర్శించుకుని బయలుదేరవచ్చు. రోజుకు 25 కిలోమీటర్లకు మించి పెట్టుకోకండి. ఇంటి దగ్గర సాయంత్రం గంటసేపు గంటకు 5 కిలోమీటర్ల వేగంతో నడిచేవారు కూడా భుజాన సంచితో, ఎండలో, మూడో రోజు నడిచేటప్పుడు 3 కిలోమీటర్లకు దిగిపోతారు. లెక్కలు ఆ మూడో రోజును బట్టి వేసుకోవాలి.

ఇక కాళ్ల సంగతి. నేను ఆ యాత్రకోసమే కొత్త బూట్లు కొన్నాను. హాజీపూర్ చేరేసరికి ఎడమ మడమ మీద రూపాయి బిళ్లంత నీటి బొబ్బ లేచింది. అక్కడ టిఫిన్ బండి దగ్గర బూటు విప్పి చూసుకుంటుంటే, పిండి కలుపుతున్న పెద్దామె చేయి ఆపి చూసి, “ఎవలన్న కొత్త బూట్లేసుకొని శ్రీశైలం పోతరా కొడుకా?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. కనీసం రెండు నెలలు తొడిగి, మడమ దగ్గర మెత్తబడ్డ బూట్లో, వెనుక పట్టీ ఉన్న చెప్పులో వాడాలి. నడక మొదలుపెట్టేముందు మడమలకు, వేళ్ల సందులకు కొబ్బరినూనె గాని వ్యాజలైన్ గాని రాసి, మధ్యాహ్నం ఆగినప్పుడు మేజోళ్లు మార్చుకోవాలి. తడిసిన మేజోడే బొబ్బకు పుట్టిల్లు. చర్మం చుర్రుమన్న మరుక్షణం ఆగి అక్కడ ప్లాస్టర్ వేయాలి, వచ్చే ఊళ్లో చూద్దామనుకోకూడదు. బొబ్బ లేచి నడవనివ్వకపోతే, శుభ్రం చేసిన సూదితో అంచున గుచ్చి నీరు పోనిచ్చి, పైచర్మం పీకకుండా కట్టు కట్టాలి. షుగర్ ఉన్నవారు మాత్రం ఈ పని సొంతంగా చేయరాదు. వారు బయలుదేరేముందే డాక్టరుకు పాదాలు చూపించుకోవాలి. దీక్షలో ఉండి చెప్పులు లేకుండా నడిచేవారు ఉదయం 11 గంటలకల్లా నీడ చూసుకోవాలి, ఆ తర్వాత మాఘమాసపు తారురోడ్డు కూడా కాలుతుంది.

సాధనకు మహబూబ్‌నగర్ వారికి మన్యంకొండ ఉంది, నల్లగొండ వారికి చెర్వుగట్టు ఉంది. ఒక ఆదివారం తెల్లవారుజామున ఒక్కరే, శ్రీశైలానికి మోయబోయే సంచినే మోస్తూ అక్కడికి నడిచి వెళ్లి, గుట్ట ఎక్కి, మరునాడు ఉదయం మళ్లీ ఓ గంట నడవండి. ఒళ్లునొప్పులతో లేచిన మరునాటి నడకే అసలు పరీక్ష. ఇట్లా నాలుగైదు ఆదివారాలు గడిస్తే సంచిలో ఏది దండగో కూడా తెలుస్తుంది. నా సంచి మొదటి వారం 9 కిలోలుండేది, చివరికి 5 కిలోలకు వచ్చింది. రెండు జతల బట్టలు, పలుచటి దుప్పటి, టార్చి, స్టీలు నీళ్ల సీసా, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, పల్లీపట్టీలు ఉంటే చాలు. అభయారణ్యంలో వాడి పారేసే ప్లాస్టిక్ నిషేధం కనుక నీళ్ల బాటిళ్లమీద ఆధారపడకండి. అన్నానికి కరువుండదు, ఆ రోజుల్లో దారిపొడవునా అన్నదానాలు జరుగుతుంటాయి. కాకపోతే మూడు చోట్ల తిని నడవలేని స్థితి తెచ్చుకోవద్దు.

రాత్రి మకాం మన్ననూరు, వటవర్లపల్లి, దోమలపెంట వంటి ఊళ్లలోనే పెట్టుకోవాలి, పొద్దుగూకకముందే చేరుకోవాలి. రోడ్డుకు కుడిపక్కన, ఎదురుగా వచ్చే బండ్లు కనిపించేటట్లు నడవాలి. అడవిలో చాలాచోట్ల ఫోను కలవదు. ఈ సంగతి ఇంట్లోవారికి ముందే చెప్పకపోతే మీరు చెట్టు నీడన హాయిగా మజ్జిగ తాగే వేళకు అక్కడ ఏడుపులు మొదలవుతాయి; మా అమ్మ ఒక పూట అట్లాగే గడిపింది. “మన్ననూరు నుంచి చేస్తాను, మళ్లీ దోమలపెంట చేరాకే” అని ఊరి పేర్లతో చెప్పాలి. ఆపదకు 112, అంబులెన్సుకు 108 అని ఒక కాగితం మీద, ఇంటి నంబరుతో పాటు రాసి జేబులో ఉంచుకోవాలి.

నా భయాన్ని అన్నిటికంటే ఎక్కువగా తగ్గించినది మాత్రం ఆర్టీసీ బస్సు. ఇది శ్రీశైలం బస్సులు పోయే రోడ్డే. నడవలేననిపిస్తే ఊళ్లో ఆగి బస్సెక్కవచ్చు. ఎక్కడ వదిలేసినా ఇల్లు చేరగలనని తెలిసిన మనిషికి ఇంకొక కిలోమీటరు నడవడం కష్టం కాదు. జ్వరం వచ్చినా, మోకాలు వాచినా, మూత్రం ముదురు రంగులో వస్తూ తల తిరుగుతున్నా మొక్కు సంగతి పక్కనపెట్టి ఆగాల్సిందే.

చివరి రోజుకు కొంత బలం దాచుకోండి. దోమలపెంట, ఈగలపెంట దాటాక ఘాట్ రోడ్డు కృష్ణ వైపు దిగుతుంది, అందరూ ఎక్కుడుకు భయపడతారు గాని కాలివేళ్లనూ మోకాళ్లనూ దెబ్బతీసేది ఈ దిగుడే. గోళ్లు ముందురోజే కత్తిరించుకుని, బూటు ముడి బిగించి, చిన్న అడుగులతో దిగాలి. చేతికర్ర ఇక్కడ అక్కరకొస్తుంది. డ్యాం దిగువన వంతెన దాటిన తర్వాత సున్నిపెంట మీదుగా మళ్లీ ఎక్కుడు. దర్శనం క్యూ ఎంతసేపు పడుతుందో పండుగ రోజుల్లో చెప్పలేము కనుక, గుడికి చేరిన రోజే తిరుగు బస్సు పెట్టుకోకండి. మరునాడు బస్సులో గంటకొకసారి లేచి నిలబడండి, లేకపోతే అచ్చంపేటలో దిగేటప్పుడు ఎవరైనా రెక్క పట్టుకోవాల్సి వస్తుంది.