ఆర్కెస్ట్రా కండక్టర్ చెయ్యి – 4వ పాఠం: దెబ్బకు ముందు ఎత్తు

పోయిన పాఠంలో నాలుగు దెబ్బల లెక్క చూశాం: కిందికి, ఎడమకు, కుడికి, పైకి. ఆది తాళం వేయడం అలవాటున్నవాళ్లకు అది ఒక్క పూట పని. ఈసారి మొదటి దెబ్బ పడకముందు చెయ్యి పైకి లేస్తుంది చూడండి, దాని సంగతి. వేగం ఎంత, శబ్దం ఎంత, మెత్తగా మొదలెట్టాలా గట్టిగానా అన్నది ఎదురుగా కూర్చున్న ఎనభై మంది వాద్యకారులు ఆ ఎత్తులోంచే పట్టుకోవాలి. కచేరీలో నోటితో చెప్పే వీల్లేదు.

ఒక పెన్సిల్ తీసుకోండి. ఊపిరి పీలుస్తూ చెయ్యి ఎత్తండి, వదులుతూ దించండి. ఎత్తడానికి పట్టే కాలం సరిగ్గా ఒక దెబ్బ కాలం ఉండాలి. నేను మొదట్లో నిదానంగా ఎత్తి గబుక్కున దించేవాణ్ని. ఎదురుగా చప్పట్లు కొట్టే మా చెల్లి ప్రతిసారీ ఆలస్యమయ్యేది. తిట్లు మాత్రం తనకే!

ఇక కష్టమైన చోటు. బీథోవెన్ ఐదో సింఫనీ మొదలు మీరు వినే ఉంటారు. షడ్జం 'సి' అనుకుంటే 'ప ప ప గా'. అయితే దెబ్బ మీద ఉన్నది స్వరం కాదు, చిన్న విరామం. మూడు 'ప'లు దాని తర్వాత వస్తాయి. మన లెక్కలో అనాగతం, అంటే దెబ్బ పడ్డాక ఎత్తుకోవడం. చెయ్యి దిగినప్పుడు ఎవరూ వాయించరు, మరుక్షణం అందరూ ఒక్కసారిగా వాయించాలి. ఎత్తులో వేగం తేలకపోతే అక్కడే గోల.

దీనికి కండక్టర్ కార్లోస్ క్లైబర్‌ని చూడమంటాను. వాళ్ల నాన్న ఎరిక్ క్లైబర్ వియన్నాలో పుట్టి, 1923లో బెర్లిన్ స్టేట్ ఒపేరా అనే సంగీత నాటకశాలకు సారథి అయ్యాడు. 1925లో స్వరకర్త ఆల్బన్ బెర్గ్ రాసిన 'వోట్సెక్' ఒపేరాను మొదటిసారి నడిపింది ఆయనే. నాజీలకు అదే బెర్గ్ సంగీతం గిట్టలేదు. 1934లో బెర్గ్ ఒపేరా 'లులు' భాగాలు వాయించిన నాలుగు రోజులకే ఎరిక్ రాజీనామా చేశాడు. కుటుంబం చివరకు అర్జెంటీనా చేరింది. అమ్మ రూత్ అమెరికా ఆవిడ. 1930లో బెర్లిన్‌లో కార్ల్‌గా పుట్టిన అబ్బాయి అర్జెంటీనాలో కార్లోస్ అయ్యాడు.

కొడుకు ఈ దారిలోకి రావడం తండ్రికి ఇష్టం లేదు. జూరిక్‌లో కెమిస్ట్రీ చదివించబోయాడు. అది సాగలేదు. పోట్స్‌డామ్‌లో మొదట కండక్టర్ కర్ర పట్టినప్పుడు కార్లోస్ పేరు మార్చుకుని 'కార్ల్ కెల్లర్' అయ్యాడు. క్లైబర్ అన్న పేరు అంత బరువు మరి! తర్వాత డ్యూసెల్‌డార్ఫ్, స్టుట్‌గార్ట్, మ్యూనిక్ ఒపేరాల్లో ఎదిగాడు. పేరొచ్చాక కచేరీలు పెంచలేదు, తగ్గించాడు. 'వోట్సెక్', 'రోజెన్‌కవలియర్' లాంటి నాన్న నడిపిన ఒపేరాలే మళ్లీ మళ్లీ పట్టుకున్నాడు. నాన్న నీడ అనేవాళ్లు ఉన్నారు. నాకైతే ఒకే కీర్తనను తండ్రి దగ్గరా కొడుకు దగ్గరా విన్నట్టుంటుంది.

ఈ వారం అభ్యాసం. ఐదో సింఫనీ రికార్డింగులు రెండు వినండి: ఎరిక్ 1953లో ఆమ్‌స్టర్‌డామ్ కాన్సర్ట్‌గెబౌ ఆర్కెస్ట్రాతో చేసింది, కార్లోస్ 1974లో వియన్నా ఫిల్‌హార్మోనిక్‌తో చేసింది. మొదటి నిమిషం చాలు. ఒక్కోదానికీ ముందు మీ ఎత్తు ఎంత వేగంగా ఉండాలో చెయ్యి ఆడిస్తూ వెతకండి. 'గా' మీద ఎవరు ఎంతసేపు ఆగారో రాసుకోండి.

తర్వాత కార్లోస్ నడిపిన 1989 వియన్నా న్యూ ఇయర్ కచేరీ వీడియో, సౌండ్ తీసేసి చూడండి. కొన్నిచోట్ల ఆయన దెబ్బలు వేయడమే మానేస్తాడు. ఎక్కడ మానాడో గుర్తుపెట్టుకోండి, ఐదో పాఠం అక్కణ్నుంచే.