గుంపు లెక్కలు – 4వ పాఠం: పెట్టింది, పడింది

గుంపుగా తిరిగొచ్చాక ఖర్చు పంచుకోవడం గురించిన మూడో పాఠం చదివి లెక్క వేసినవాళ్ళలో ఎక్కువమంది ఒకే చోట ఆగిపోయారు. తలా ఎంత పడిందో సరిగ్గానే తేల్చారు. ఎవరు ఎవరికి ఇవ్వాలన్న దగ్గర చిక్కుపడ్డారు. ఒక హాస్టల్ గదిలో అయితే అందరూ తమ వాటా మొత్తం ఒకడికే పంపేశారట. ఆ ఒకడు కట్టింది బిర్యానీ బిల్లు మాత్రమే. ఆటోలకు ఇచ్చినవాడు వేరు, గోల్కొండ టిక్కెట్లు కొన్నవాడు వేరు. రెండు రోజులు గదిలో మాటల్లేవు. తప్పు సగం నాది. "మిగతాది మీకే తెలుస్తుంది" అని రాసి పాఠం ముగించాను. నాకు తెలుసు కాబట్టి అందరికీ తెలుస్తుందనుకున్నాను.

ఇంకో ప్రశ్న కూడా వచ్చింది. పెరుగన్నం తిన్నవాడు మటన్ బిర్యానీ తిన్నవాడితో సమానంగా ఎందుకివ్వాలి? ఇవ్వక్కర్లేదు. పోయినసారి మొత్తాన్ని తలలతో భాగించమన్నాను కదా, దాన్ని కొట్టేయండి. ఇకనుంచి ఏ బిల్లుకు ఆ బిల్లు, ఆ బిల్లులో ఎవరున్నారో వాళ్ళ మధ్యే భాగించాలి.

ఈసారి ఉదాహరణ హైదరాబాద్ శివార్లలోని వినోద పార్కులో మేం గడిపిన వండర్‌లా రోజు. ఐదుగురం. పేర్లు వద్దు, కారెక్కిన చోటే పేరు: ఉప్పల్, నాగోల్, ఎల్బీనగర్, బీఎన్‌రెడ్డి, తుర్కయంజాల్. ఎల్బీనగర్ అంటే నేనే. కారు ఉప్పల్‌ది. సాగర్ రోడ్డు మీదుగా ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి, రావిర్యాల దగ్గర దిగాం. ఇక్కడ వండర్‌లా తెరిచింది 2016లో. మన దగ్గర యూపీఐ వచ్చింది కూడా ఆ ఏడాదే. అంతకు ముందు చిల్లర లేదని తప్పించుకునేవాళ్ళు, ఇప్పుడు నెట్‌వర్క్ లేదంటున్నారు. కింద వేసిన అంకెలు పాఠం కోసం వేసుకున్నవి. టిక్కెట్టు ధర రోజును బట్టి మారుతుంటుంది, వీటిని నమ్మి బయల్దేరకండి.

ముందు ఒక మాట. ఇలాంటి రోజున లెక్క తప్పేది కూడికలు రాక కాదు. ఫోన్లు లాకర్లో ఉంటాయి కాబట్టి. నీళ్ళలో దిగాక ఎవరు ఏం కట్టారో ఎవరూ రాసుకోరు. అలల కొలనులో గంట మోగగానే అందరూ అరుస్తూ లోపలికి పరిగెత్తడం, మళ్ళీ ఒడ్డుకు రావడం, రెయిన్ డిస్కోలో ఒళ్ళు తెలియకుండా గెంతడం. సాయంత్రానికి కళ్ళు ఎర్రగా, కాళ్ళు బరువుగా, ఎవడిని ఏం అడిగినా "నేనే ఇచ్చాననుకుంటా" అంటాడు. అందుకని నా పద్ధతి ఇది: నీళ్ళలోకి వెళ్ళేముందు ఒకసారి, బయటికొచ్చి ఒళ్ళు తుడుచుకున్నాక ఒకసారి, ఎవరు ఎంత ఇచ్చారో ఫోన్లో నా గొంతుతోనే చెప్పి పెట్టుకుంటాను. రాయను. తడి వేళ్ళతో టైపు చేస్తే 150 కాస్తా 1550 అవుతుంది. లెక్కలు వేసే యాప్‌లు ఉన్నాయి, వాడేవాళ్ళు వాడండి. నాకు కాగితమే ఇష్టం.

ఇవీ ఖర్చులు.

టిక్కెట్లు, ఐదింటికి 6,000. కట్టింది బీఎన్‌రెడ్డి.
పెట్రోలు, టోలు కలిపి 1,000. ఉప్పల్.
లాకర్లు రెండు, 800. అందులో అద్దె 500, తిరిగొచ్చే డిపాజిట్ 300. నాగోల్.
నైలాన్ టీషర్టు ఒకటి, 400. కట్టింది నేను, వేసుకున్నది తుర్కయంజాల్. నీటి ఆటలకు కాటన్ బట్టలు ఒప్పుకోరని వారం ముందే చెప్పాను. వాడు సరిగ్గా కాటన్ టీషర్టుతోనే దిగాడు.
మధ్యాహ్నం భోజనం 1,500. తుర్కయంజాల్.
తిరుగుదారిలో టీ, సమోసాలు 350. నాగోల్.

భోజనంలో ఉప్పల్ లేడు. రికాయిల్ అని ఒక రోలర్ కోస్టర్ ఉంది, ముందుకు తిప్పిన దారినే వెనక్కి కూడా తిప్పుతుంది. దిగాక వాడు బల్ల మీద తల వాల్చి కూర్చున్నాడు. కళ్ళు ఒకటి చెబితే చెవి లోపలి భాగం ఇంకోటి చెబుతుంది, ఆ తగువులో మధ్యన నలిగేది కడుపు. మేం నలుగురం తింటుంటే వాసన కూడా పడలేదు వాడికి. కాబట్టి భోజనం నలుగురి మధ్యే, తలా 375. "ఆర్డర్ చేసినప్పుడు వాడూ ఉన్నాడుగా" అని ఒకరన్నారు. తిననివాడి మీద వెయ్యడం నాకు నచ్చదు.

ఇప్పుడు కాగితం మీద రెండు గళ్ళు గీయండి. ఒకటి "పెట్టింది", రెండోది "పడింది". పెట్టింది అంటే వాడి జేబులోంచి నిజంగా బయటికెళ్ళిన డబ్బు. పడింది అంటే వాడి వంతు. టిక్కెట్టు 1,200, కారు 200, లాకరు అద్దె 100, టీ 70 అందరికీ పడతాయి, అంటే 1,570. ఉప్పల్‌కి అంతే. నాగోల్‌కి, నాకు, బీఎన్‌రెడ్డికి భోజనం కలిపి 1,945. తుర్కయంజాల్‌కి టీషర్టు కూడా కలిపి 2,345. అన్నీ కూడితే 9,750. ఖర్చు మొత్తం కూడా 9,750 రావాలి, వచ్చింది. రాకపోతే ముందుకు పోకండి.

పెట్టిన గడి దగ్గరే అసలు గుంట ఉంది. డిపాజిట్.

సాయంత్రం లాకరు తాళం చెవి ఇచ్చి 300 వెనక్కి తీసుకున్నది తుర్కయంజాల్. ఆ లైన్లో ఓపిగ్గా నిలబడ్డది వాడొక్కడే, మిగతావాళ్ళం గడ్డి మీద పడుకున్నాం. ఆ 300 వాడి జేబులో ఉంది. వాడిది కాదు. నాగోల్‌ది కూడా కాదు అంటే ఆశ్చర్యపోతారు, కానీ లెక్కలో అది ఎవరిదీ కాదు. వచ్చిన డబ్బు ఎవరి జేబులో పడిందో వాడి "పెట్టింది"లోంచి తీసేయాలి, అంతే. తుర్కయంజాల్ పెట్టింది 1,500లోంచి 300 పోతే 1,200. నాగోల్ పెట్టింది 800, 350 కలిపి 1,150, అందులోంచి ఏమీ తీయకూడదు, ఎందుకంటే వాడికి ఏమీ తిరిగి రాలేదు.

నాకు ఒళ్ళు మండే మాట ఒకటుంది: "డిపాజిట్ డబ్బుతోనే తాగాం కదా, టీ ఫ్రీ." దీన్ని నేను పెళ్ళిళ్ళలో విన్నాను, పిక్నిక్‌లలో విన్నాను. టెంట్‌హౌస్ డిపాజిట్ తిరిగొస్తే పిల్లలకు ఐస్‌క్రీమ్ కొనిపెట్టి "ఫ్రీ" అన్న మా బాబాయి ఉన్నాడు. ఫంక్షన్ హాలు అడ్వాన్సులో మిగిలినదానితో పాన్‌లు పంచినవాళ్ళున్నారు. అద్దె ఇల్లు ఖాళీ చేస్తూ, ముగ్గురు కలిసి కట్టిన అడ్వాన్సును చివరివరకూ ఉన్న ఒకడే తీసుకుని పార్టీ ఇచ్చి, "నేనే ఇస్తున్నా తినండ్రా" అనడం నా కళ్ళతో చూశాను. తినేది మీ డబ్బే, ఆ మాట మీకే చెబుతున్నాడు, మీరు చప్పట్లు కొడుతున్నారు.

మా టీ 350లో ఆ 300 పెట్టి, మిగతా 50 నాగోల్ ఇచ్చాడనుకుందాం. "ఫ్రీ" అనేవాళ్ళు ఏం చేస్తారంటే లాకరు 500, టీ 50 అని రాస్తారు. రాతలో నాగోల్ పెట్టింది 550. నిజానికి వాడి జేబులోంచి పోయింది 800, 50 కలిపి 850. వాడికి పడేది తలా 70 బదులు 10 అయింది కాబట్టి 60 కలిసొచ్చింది. కానీ పెట్టినదాంట్లో 300 మాయం. నికరంగా 240 నష్టం. మిగతా నలుగురికీ తలా 60 లాభం. ఇంతా చేసి వాడికి నష్టం వచ్చిందని వాడికే తెలియదు, వాడు కూడా "ఫ్రీ" అంటూ రెండో సమోసా తింటున్నాడు.

సరైన పద్ధతి: తుర్కయంజాల్ గడిలో ముందు 300 తీసేయండి, ఆ వెంటనే టీకి ఇచ్చాడు కాబట్టి 300 కలపండి. రెండూ రాయండి. ఎలాగూ కొట్టుకుపోతాయి కదా అని వదిలేయకండి. వదిలేసిన చోటే "ఫ్రీ" పుడుతుంది. టీ పూర్తి 350గానే అందరి మీదా పడాలి.

క్యాష్‌బ్యాక్ సంగతి అడుగుతారు. బీఎన్‌రెడ్డికి కార్డు మీద ఏదో కొంత తిరిగొచ్చింది. పై నియమం ప్రకారం అది కూడా తీసేయాలి. నేను తీయను. ఆరు వేలు ముందుగా పెట్టినవాడికి ఆ మాత్రం మిగలనివ్వండి. ఇది లెక్క కాదు, నా ఇష్టం.

మళ్ళీ మా అసలు లెక్కకు రండి, టీ నాగోలే పూర్తిగా కట్టిన లెక్కకు. పెట్టిందిలోంచి పడింది తీసేయండి. ఉప్పల్ 570 ఇవ్వాలి. నాగోల్ 795 ఇవ్వాలి. నేను 1,545. తుర్కయంజాల్ 1,145. బీఎన్‌రెడ్డికి 4,055 రావాలి. ఇవ్వాల్సినవన్నీ కూడితే 4,055. నాలుగుసార్లు డబ్బు చేతులు మారితే అయిపోయింది. బిల్లుకో లెక్కన ఎవరి వాటా వాళ్ళు పంపుకుంటూ కూర్చుంటే డిపాజిట్‌తో కలిపి ఇరవై ఒక్కసార్లు. సగం దాకా పంపుకుని విసుగొచ్చి ఆపేస్తారు.

రావాల్సినవాళ్ళు ఇద్దరు ముగ్గురుంటే, ఎక్కువ ఇవ్వాల్సినవాడు ఎక్కువ రావాల్సినవాడికి ముందు ఇచ్చేయాలి. మిగిలినదానికి మళ్ళీ అదే.

ఇంకొకటి, ఎప్పుడు తేల్చాలన్నది. "ఇంటికెళ్ళి చూద్దాం" అంటే ఎవరూ చూడరు, తల ఆరకముందే నిద్రపోతారు. కారులో తేల్చండి. మేం టీ దగ్గరే తేల్చాలనుకున్నాం. ఉప్పల్‌కి అప్పటికి తల తిరుగుడు తగ్గింది, వాడు రెండు సమోసాలు లాగిస్తుంటే చూడ్డానికి ముచ్చటేసి కబుర్లలో పడ్డాం. మళ్ళీ వద్దామా అంటే ఐదుగురం వచ్చే నెలే అన్నాం, ఒక్కడికీ మోకాళ్ళు సహకరించడం లేదు. వెళ్ళేటప్పుడు ఆఖరున ఎక్కిన తుర్కయంజాల్, వచ్చేటప్పుడు అందరికంటే ముందు దిగిపోయాడు.

అభ్యాసం. ఆరుగురు ఆర్టీసీ బస్సులో రామోజీ ఫిల్మ్ సిటీకి వెళ్ళారు. అ, ఆ, ఇ అబ్బాయిలు. ఉ, ఊ, ఎ అమ్మాయిలు, వీళ్ళది బస్సులో జీరో టికెట్, అంటే ఛార్జీ లేదు. అబ్బాయిల బస్సు ఛార్జీలు రానూపోనూ 360, కట్టింది అ. లోపలికి టిక్కెట్టు తలా 1,500 అనుకోండి. నాలుగు ఉ కొంది, రెండు ఎ కొంది. భోజనం 1,800 ఇ కట్టాడు, ఎ ఉపవాసం. బ్యాగుల డిపాజిట్ 500 ఊ కట్టింది, అద్దె లేదు, తిరిగి తీసుకున్నది ఆ. వాడు ఆ 500 మొత్తం పెట్టి ఐస్‌క్రీములు కొన్నాడు, జలుబు చేసిన అ తప్ప అందరూ తిన్నారు. ఐదుసార్లకు మించి డబ్బు చేతులు మారకూడదు. ఐస్‌క్రీమ్ ఫ్రీ అని రాసినవాళ్ళు మొదటి పేరా నుంచి మళ్ళీ చదవాలి.

అది అయ్యాక ఇంకో చిన్నది. తుర్కయంజాల్ వాడు మర్నాడు వెయ్యి పంపాడు, బీఎన్‌రెడ్డికి కాదు, నాకు. ఇప్పుడు ఐదుగురి గళ్ళూ మళ్ళీ రాయండి.