అబార్షన్‌కు భర్త సంతకం అడుగుతున్నారా? ఆ పద్ధతి మాన్పించడం ఎలా

చట్టంలో లేని నిబంధన ఒకటి చాలా ఆస్పత్రుల్లో దర్జాగా నడుస్తోంది. అబార్షన్ కోసం వచ్చినామెను ‘మీ ఆయన్ని తీసుకురామ్మా, సంతకం కావాలి’ అని తిప్పి పంపుతారు. పెళ్లికాని అమ్మాయైతే ఆ చూపులే వేరు. ఎవరో ఒకరు సిఫార్సు చేస్తే ఆ పూటకు పని అవుతుంది, మర్నాడు వచ్చినామెకు మళ్లీ అదే మాట. మాన్పించాల్సింది పద్ధతిని.

ముందు చట్టం తెలుసుకోండి. 1971 నాటి ఎంటీపీ చట్టం (అబార్షన్ల చట్టం) ప్రకారం 18 ఏళ్లు నిండిన మహిళకు తన సమ్మతి ఒక్కటే చాలు. మైనర్లకూ, మానసిక అనారోగ్యం ఉన్నవారికీ మాత్రమే సంరక్షకుల సమ్మతి కావాలి. 2021 సవరణ తర్వాత 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం సరిపోతుంది. నిబంధనల్లో పేర్కొన్న వర్గాలకు 24 వారాల దాకా ఇద్దరిది కావాలి. పెళ్లికాని మహిళలకూ ఇది వర్తిస్తుందని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కుటుంబసభ్యుల సమ్మతి లాంటి అదనపు షరతులు పెట్టడాన్ని అదే తీర్పు తప్పుపట్టింది. ఆ పేజీ ప్రింటు తీసి సంచీలో పెట్టుకోండి.

తర్వాత సమాచార హక్కు దరఖాస్తు. ‘సంతకం ఎందుకు అడుగుతున్నారు?’ అని రాయొద్దు, సంజాయిషీ ఇవ్వాల్సిన పని లేదంటారు. ఇలా రాయండి: ‘అబార్షన్‌కు భర్త సంతకం తీసుకోవాలని చెప్పే ఉత్తర్వు నకలు ఇవ్వగలరు. మీరు వాడుతున్న సమ్మతి పత్రం ఖాళీ నమూనా ఇవ్వగలరు.’ జిల్లా స్థాయి ఆఫీసుకు ఫీజు 10 రూపాయలు, మండల స్థాయికి 5. జవాబుకు 30 రోజుల గడువు. ‘అలాంటి ఉత్తర్వు లేదు’ అని జవాబొస్తే మీ చేతికి అంతకన్నా గట్టి కాగితం దొరకదు. జవాబే రాకపోతే మొదటి అప్పీలుకు వెళ్లండి.

బాధితుల వివరాల దగ్గర మాత్రం చాలా జాగ్రత్త. ‘ఫలానా తండాకు చెందిన 22 ఏళ్ల డిగ్రీ విద్యార్థిని’ అని రాస్తే పేరు రాసినట్టే. గోప్యత కాపాడని డాక్టరుకు ఈ చట్టం కింద ఏడాది దాకా జైలు పడొచ్చు. మనం అంతకన్నా నిక్కచ్చిగా ఉండాలి. ఆశా కార్యకర్తలను కూడా ముందుకు నెట్టొద్దు. రేపు ఆ ఆస్పత్రి మెట్లెక్కాల్సింది వాళ్లే.

వినతిపత్రం ఒక్క పేజీ దాటకూడదు. తెలంగాణలో సోమవారం ప్రజావాణిలో, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కలెక్టరుకు ఇచ్చి రసీదు తీసుకోండి. ‘న్యాయం చేయండి’ అంటే ఎవరూ ఏమీ చేయరు. రెండే అడగండి: జిల్లా వైద్యారోగ్య అధికారి (డీఎంహెచ్‌వో) నుంచి అన్ని ఆస్పత్రులకూ సర్క్యులర్, ఓపీ దగ్గర తెలుగులో బోర్డు. ఒక నకలు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పంపండి. ఆదాయంతో పని లేకుండా మహిళలకు అక్కడ ఉచిత న్యాయసాయం దొరుకుతుంది.

ఇక జనంలోకి. ‘ఆడపిల్లల్ని కడుపులోనే చంపడానికా మీ పోరాటం?’ అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. లింగనిర్ధారణ వేరే నేరం, దానికి 1994 నుంచీ వేరే చట్టం ఉంది. కరపత్రం మొదటి వాక్యంలోనే ఆ తేడా చెప్పేయండి. ధర్నా చేస్తే పోలీసులకు ముందే రాసిచ్చి కలెక్టరేట్ దగ్గర చేయండి, ఆస్పత్రి గేటు దగ్గర వద్దు.

సర్క్యులర్ వచ్చాక కూడా నెలకోసారి ఓపీ వైపు వెళ్లి, బోర్డు ఉందో, దానిమీద టీకాల పోస్టరు అంటించారో చూస్తుండండి.